పోయిన స్కూటీ, నాన్న రిజిస్టర్లు, ఓక్లాండ్ పోలీసులు

నా స్కూటీ పోయి ఇవాళ్టికి యాభై మూడు రోజులు. బండి మీద ప్రేమతో కాదు రోజులు లెక్కపెడుతున్నది. ఎఫ్‌ఐఆర్ కాపీ లేకపోతే క్లెయిమ్ ముట్టుకోమని ఇన్సూరెన్స్ వాళ్ళన్నారు, ఆ కాపీ నా దగ్గర లేదు, ఎందుకు లేదంటే అసలు ఎఫ్‌ఐఆరే లేదు.

ఏ ఊళ్ళో పోయిందో, ఏ స్టేషన్‌కి వెళ్ళానో రాయను. మా విజయనగరంలో మాత్రం కాదు, అంతవరకు చెప్పి ఊరుకుంటాను. పెళ్ళికి వెళ్ళాం, కల్యాణ మండపం బయట బండి పెట్టాను, భోజనాలయ్యి తాంబూలం సంచి పట్టుకుని బయటికొచ్చేసరికి బండి లేదు. స్టేషన్‌లో ఉన్నాయన చాలా మర్యాదగా మాట్లాడారు, కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, కాగితం రాయించుకున్నారు. రసీదు అడిగితే "ముందు వెతుకుదాం మేడమ్, బండి దొరికాక ఇంక కేసెందుకు, కోర్టు చుట్టూ తిరగాలి మీరు" అన్నారు. నేను తలూపి వచ్చేశాను. పిల్లలకి పౌరశాస్త్రం చెప్పి జీతం తీసుకునే మనిషిని, తలూపి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్తే నాన్న నవ్వారు. నాన్న ముప్పై రెండేళ్ళు డిపార్ట్‌మెంట్‌లో చేసి 2017లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు, అందులో తొమ్మిదేళ్ళు స్టేషన్ రైటర్. తెలియని వాళ్ళ కోసం: స్టేషన్‌లో లాఠీ ఎవరి చేతిలో ఉన్నా పెన్ను మాత్రం రైటర్ చేతిలో ఉంటుంది. జనరల్ డైరీ రాసేది ఆయనే, ఎఫ్‌ఐఆర్ రాసేది ఆయనే, పైనుంచి వచ్చే ప్రతి మెమోకీ జవాబు రాసేదీ ఆయనే. నాన్న అడిగిన మొదటి ప్రశ్న బండి నంబర్ కూడా కాదు. "కాగితం ఎక్కడ పెట్టారో చూశావా? టేబుల్ అద్దం కిందా, సొరుగులోనా?"

సొరుగులో అన్నాను.

"అయితే అది పోయినట్టే. అద్దం కిందైతే రోజూ కళ్ళబడుద్ది."

తర్వాత ఆయన చెప్పింది వింటే నాకు కోపం పోయి ఇంకేదో వచ్చింది. దొంగతనం కేసు ఒకటి కట్టగానే అది ఆ స్టేషన్ మెడకి పడుతుంది, నెలనెలా క్రైమ్ మీటింగ్‌లో "మీ దగ్గర ప్రాపర్టీ కేసులు ఎన్ని, ఎన్ని పట్టారు, మిగతావి ఎందుకు పట్టలేదు" అని అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు, కట్టని కేసు గురించి మాత్రం ఎవరూ అడగరు, ఎందుకంటే అది ఏ లెక్కలోనూ లేదు కాబట్టి. అంటే నిజాయితీగా పది కేసులు కట్టినవాడు పదింటికి తిట్లు తింటాడు, ఎనిమిది సొరుగులో పడేసినవాడు రెండింటికే తింటాడు. నాకు కుర్చీ వేసినాయన చెడ్డవాడు కాదు, లెక్క తెలిసినవాడు.

చట్టం ఈ విషయంలో ఏ అనుమానమూ మిగల్చలేదు, అది ఇంకో తమాషా. 2013లో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, కాగ్నిజబుల్ నేరం (పోలీసులు వారంట్ లేకుండానే అరెస్టు చెయ్యగలిగేది) గురించి సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఇంకా తేలిక చేసింది. ఏ స్టేషన్‌లోనైనా కట్టొచ్చు, అదే జీరో ఎఫ్‌ఐఆర్. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టొచ్చు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో కాదంటే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. కుర్చీలో కూర్చున్నప్పుడు ఒక్కటీ నోట్లోకి రాలేదు.

రెండు వారాలు చూసి ఆ జిల్లా పెద్దాఫీసులో సోమవారం అర్జీ పెట్టాను. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఎవరనుకున్నారు? కుర్చీ వేసినాయనే. "మేడమ్, మీ అర్జీ ఎంక్వయిరీ నాకే వేశారు" అన్నారు. పాపం, ఆయన గొంతులోనూ కొంచెం ఇబ్బంది వినబడింది. నా మీద నేనే ఎంక్వయిరీ ఎలా చెయ్యాలి అని ఆయన నన్ను అడగలేదు గానీ, అడిగితే నా దగ్గర మాత్రం జవాబెక్కడుంది?

ఆ వారమే కాలిఫోర్నియా నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడుండేది ఫ్రీమాంట్‌లో. బండి సంగతి చెప్పి నవ్వుకున్నాక వాడన్నాడు, "అక్కా, మా పక్కనే ఓక్లాండ్ ఉంది కదా, అక్కడ పోలీసుల్ని ఫెడరల్ కోర్టు ఇరవై ఏళ్ళు పైగా పట్టుకుని కూర్చుంది, చదువు, నీకు పనికొస్తుంది." నాకు ఇంకేం పని, సంక్రాంతి సెలవలు మొత్తం అదే చదివాను. నేను చదవడం, సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద నడుస్తూ నాన్నకి చెప్పడం, ఆయన అడ్డం తగలడం.

కథ 2000లో మొదలైంది. వెస్ట్ ఓక్లాండ్‌లో రాత్రి డ్యూటీ చేసే నలుగురు పోలీసులు, వాళ్ళకి రైడర్స్ అని పేరు. మనుషుల్ని కొట్టడం, జేబులో మత్తుమందు వాళ్ళే పెట్టి పట్టుకున్నట్టు చూపించడం, తప్పుడు రిపోర్టులు రాయడం, ఇవీ ఆరోపణలు. బయటపెట్టింది ఏ పత్రికో, ప్రతిపక్షమో కాదు. అకాడమీ నుంచి అప్పుడే వచ్చి వాళ్ళ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు, ఉద్యోగంలో రెండు వారాలు తిరక్కుండానే వెళ్ళి పై అధికారులకి చెప్పేశాడు. నలుగురిలో ఒకడు పరారైపోయాడు. మిగిలిన ముగ్గురి మీద రెండుసార్లు విచారణ జరిగినా ఒక్క నేరం కూడా రుజువు కాలేదు.

"చూశావా" అన్నారు నాన్న. "కేసు నిలబడదు."

క్రిమినల్ కేసు నిలబడలేదు, నిజమే. కానీ బాధితులు 119 మంది కలిసి సివిల్ దావా వేశారు. 2003 జనవరిలో నగరం రాజీకొచ్చింది, 1.09 కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చింది. డబ్బుతో ఆగి ఉంటే ఇది ఇంకో వార్త, అంతే. బాధితుల లాయర్లు డబ్బుతో పాటు ఇంకోటి రాయించుకున్నారు: డిపార్ట్‌మెంట్ మార్చుకోవాల్సిన పనుల జాబితా, యాభైకి పైగా. ఫిర్యాదు ఎలా తీసుకోవాలి, బలప్రయోగం చేస్తే ఎవరికి ఏం రాసివ్వాలి, ఒక సూపర్‌వైజర్ కింద ఎనిమిది మందికి మించి ఉండకూడదు, ఎవరి మీద ఫిర్యాదులు పోగవుతున్నాయో ముందే తెలిసేలా లెక్కలన్నీ ఒకచోట పెట్టాలి, ఇలాంటివి. ఇవి జరుగుతున్నాయో లేదో చూసి కోర్టుకి చెప్పడానికి బయటి మానిటర్. అందరూ ఐదేళ్ళలో అయిపోతుందనుకున్నారు.

ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి ఒక మాట. అమెరికాలో 1991లో లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి డ్రైవర్ రాడ్నీ కింగ్‌ని పోలీసులు కొట్టిన వీడియో తర్వాత, 1994లో ఒక చట్టం చేసి పోలీసు శాఖల మీద దావా వేసే అధికారం కేంద్ర న్యాయశాఖకి ఇచ్చారు. 1997లో పిట్స్‌బర్గ్ మొదటిది, తర్వాత చాలా నగరాలు. ఆ దారిలో ఒక చిక్కుంది, ప్రభుత్వం మారితే న్యాయశాఖ మనసూ మారుతుంది. 2025 మే నెలలో మినియాపొలిస్, లూయీవిల్ కేసుల నుంచి అది అలాగే తప్పుకుంది. ఓక్లాండ్‌ది ఆ దారి కాదు, దెబ్బలు తిన్నవాళ్ళే వేసిన దావా. వాషింగ్టన్‌లో ఎవరు కూర్చున్నా అది కదలదు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నాన్నకి నచ్చలేదు. "అదేటే, జడ్జిగారికి స్టేషన్ సంగతేటి తెలుసు? ఒక సూపర్‌వైజర్‌కి ఎనిమిది మందంట. మాకు ఒక ఎస్సైకి ముప్పై మంది. ముందు మనుషుల్నివ్వమను, తర్వాత మానిటర్ని పంపమను." గట్టు మీద ఆగిపోయి మరీ అన్నారు. కాదనడానికి లేదు. 2013 అక్టోబరులో సమైక్యాంధ్ర గొడవల్లో మా ఊళ్ళో కర్ఫ్యూ పెట్టినప్పుడు నాన్న రోజుల తరబడి ఇంటికి రాలేదు, వచ్చిన రోజున బూట్లు విప్పలేక గుమ్మంలో కూలబడ్డారు, కాళ్ళు అంత వాచిపోయాయి. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను బందోబస్తంటే ముందు రోజు తొలేళ్ళ రాత్రి నుంచీ నిలబడ్డమే, తీర్థానికి ఊరంతా కొత్త బట్టలేసుకుని తిరుగుతుంటే మేం మాత్రం ఏ సందు చివర నాన్న నిలబడ్డారో వెతుక్కుంటూ వెళ్ళి పులిహోర డబ్బా ఇచ్చి వచ్చేవాళ్ళం. వీక్లీ ఆఫ్ అన్నమాట మన రాష్ట్రంలో 2019లో ప్రకటించారు, అప్పటికి నాన్న రిటైరై రెండేళ్ళయింది. ఇలా నలిగిన మనిషి ఎదుట నిలబడి పోలీసుల మీద నిఘా కావాలి అనడం తేలిక కాదు.

అయినా అన్నాను. ఎందుకంటే ఓక్లాండ్ కాగితాల్లో ఒకచోట నాకు నాన్నే కనిపించారు, అంటే నాన్న చేసే పని.

అక్కడి పోలీసులు రోడ్డు మీద మనిషినో కారునో ఆపితే ఒక ఫారం నింపాలి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి జెన్నిఫర్ ఎబర్‌హార్ట్ అనే ప్రొఫెసర్ బృందం ఆ ఫారాలు తీసుకుని కూర్చుంది. 2013, 14 సంవత్సరాల్లో పదమూడు నెలలవి, 28,119 ఫారాలు. ఊళ్ళో నల్లవాళ్ళు 28 శాతం, ఆపినవాళ్ళలో 60 శాతం. 2016లో రిపోర్టు ఇచ్చారు. అంతవరకు మనకీ తెలిసిన తంతే, కమిటీ వేశారు, రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత చేసింది చూడండి. ఫారంలో ఒక్క ప్రశ్న కలిపారు. ఈ మనిషిని ఫలానా నేరంతో ముడిపెట్టే సమాచారం నీ దగ్గర ముందే ఉండి ఆపావా? అవును, కాదు. అంతే. 2017లో సుమారు 32,000 సార్లు ఆపితే, ఆ ప్రశ్న వచ్చాక 2018లో అది 19,000కి పడిపోయింది. నల్లవాళ్ళని ఆపడం 43 శాతం తగ్గింది. ఇంతమందిని వదిలేస్తే నేరాలు పెరుగుతాయేమో అనుకుంటాం, పెరగలేదు.

కాదు అనే గడిలో టిక్కు పెట్టాల్సి వస్తుందని తెలిసి చెయ్యి కారు దగ్గరికి వెళ్ళకుండానే ఆగింది.

ఇది చెప్పినప్పుడు మాత్రం నాన్న అడ్డం తగల్లేదు. కాసేపు నడిచి, "పాయింట్ బుక్ లాంటిది" అన్నారు. నైట్ బీట్ తిరిగే కానిస్టేబుల్ సందు చివర పెట్టిన పుస్తకంలో టైమ్ వేసి సంతకం పెట్టాలి కదా, ఆ పుస్తకం గురించి ఆయన మాట. "పుస్తకముంటే తిరుగుతాం. కానీ పుస్తకం నడిరాత్రి చూసేవోడుండాలి. లేపోతే సాయంత్రం ఆరింటికే నాలుగు సంతకాలూ పెట్టేసి పడుకుంటారు. నేనూ పడుకున్నాను."

ఓక్లాండ్‌లోనూ అదే జరిగింది, ఇంకా ఘోరంగా. పదేళ్ళయినా పనులు పూర్తికాక 2012 చివర్లో డిపార్ట్‌మెంట్‌ని పూర్తిగా కోర్టు చేతిలోకి తీసుకునే పరిస్థితి వస్తే, దాన్ని తప్పించుకోవడానికి పోలీసు చీఫ్ మీద కూడా మాట చెల్లేలా, ఆ పనులు చేయించే ఒక కంప్లయన్స్ డైరెక్టర్‌ని ఒప్పుకున్నారు. సరే, దారిలో పడ్డారు, పెట్టెల్లో టిక్కులు నిండుతున్నాయి అనుకుంటుండగా 2016లో ఇంకోటి బయటపడింది. ఒక అమ్మాయి మీద, ఆమె మైనర్‌గా ఉన్నప్పటి నుంచీ, కొందరు పోలీసుల లైంగిక దోపిడీ. ఆ విషయం లోపల తెలిసి కూడా నెలల తరబడి సరిగా విచారించలేదు. ఆ జూన్‌లో తొమ్మిది రోజుల్లో ముగ్గురు చీఫ్‌లు పోయారు. పదమూడేళ్ళుగా మానిటర్ ఉన్న శాఖ అది! యాభై పనుల జాబితా ఉంది, అందులో ఈ అమ్మాయి ఏ గడిలోనూ లేదు.

ఆ కోపంలోనే అదే ఏడాది నవంబరులో ఓటర్లు 83 శాతం మంది ఔనని ఒక పోలీసు కమిషన్ పెట్టుకున్నారు. అందులో సభ్యులు మామూలు పౌరులు, చీఫ్‌ని తీసేసే ప్రక్రియలో వాళ్ళకి అధికారం ఉంది. పోలీసుల మీద ఫిర్యాదుల్ని విచారించే విభాగం ఆ కమిషన్ కింద పనిచేస్తుంది. 2020 ఫిబ్రవరిలో చీఫ్‌ని తీసేశారు కూడా. 2022లో కోర్టు, ఇంక ఒక సంవత్సరం నిలకడగా ఉండి చూపిస్తే వదిలేస్తాం అంది. 2023 జనవరిలో మళ్ళీ దెబ్బ: ఒక సార్జెంట్ కారుతో ఇంకో కారుని గుద్ది చెప్పకుండా వెళ్ళిపోయాడు, ఆఫీసు లిఫ్టులో తుపాకీ పేల్చాడు, లోపలి విచారణ వాటిని చిన్నవి చేసి చూపించిందని బయటి లాయర్ల నివేదిక. ఆ ఫిబ్రవరిలో మేయర్ చీఫ్‌ని తీసేశారు. మానిటర్ తన కాంట్రాక్టు పొడిగించుకోవడానికే ఎప్పటికప్పుడు కొత్త తప్పు వెతుకుతాడని డిపార్ట్‌మెంట్ వైపు వాళ్ళంటారు. కొట్టిపారేసే మాటేం కాదు. ఒకే మానిటర్ 2010 నుంచి ఉన్నాడు, ఖర్చు నగరానిది, రోగం నయమైతే డాక్టర్‌కి ఫీజు ఆగిపోతుంది. నిఘా పెట్టేవాడి మీద నిఘా ఎవరు అన్నది అక్కడా తేలలేదు.

మరి మన దగ్గర? మన దగ్గర లేనిది ఆదేశం కాదు. ప్రకాశ్ సింగ్ అనే రిటైరైన డీజీపీ, ఉత్తరప్రదేశ్, అస్సాం పోలీసులకి, బీఎస్‌ఎఫ్‌కి అధిపతిగా చేసినాయన, 1996లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పోలీసే పోలీసుల్ని బాగుచెయ్యమని అడిగాడన్నమాట. 2006 సెప్టెంబరు 22న తీర్పు. ఏడు ఆదేశాల్లో ఒకటి పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ. డీఎస్పీ వరకు ఎవరి మీద ఫిర్యాదయినా జిల్లాలో, ఆ పైవాళ్ళయితే రాష్ట్ర స్థాయిలో. జిల్లాది రిటైరైన జిల్లా జడ్జి కింద ఉండాలి, వాళ్ళు చెప్పింది ప్రభుత్వం పాటించి తీరాలి. మన రాష్ట్రంలో 2021లో రాష్ట్ర స్థాయి అథారిటీకి ఒక విశ్రాంత న్యాయమూర్తిని ఛైర్మన్‌గా వేస్తే వయసు నిబంధన దగ్గర పేచీ వచ్చి హైకోర్టు ఆ నియామకాన్ని నిలిపేసింది. జిల్లా స్థాయిది ఎక్కడ కూర్చుంటుందో, తలుపు ఏ వైపుంటుందో మా స్టాఫ్ రూమ్‌లో పద్నాలుగు మందిని అడిగాను, ఒక్కరు కూడా ఆ పేరు వినలేదు. లా చదివిన మేడమ్ ఒకరున్నారు, ఆవిడా వినలేదు.

ఇంకోటి సీసీ కెమెరాలు. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో, ప్రతి స్టేషన్‌లోనూ మాటలు కూడా వినబడే కెమెరాలుండాలి, రికార్డు పద్దెనిమిది నెలలు దాచాలి, వాటిని చూడ్డానికి జిల్లా స్థాయి కమిటీ ఉండాలి అన్నారు. అంటే నా కాగితం సొరుగులోకి వెళ్ళిన దృశ్యం ఎక్కడో ఉండాలి, "కేసెందుకు మేడమ్" అన్న మాటతో సహా. చూసే మనిషి లేకపోతే ఆ కెమెరా కూడా సాయంత్రం ఆరింటికే సంతకాలయిపోయిన పాయింట్ బుక్కే.

నాకు ఇప్పుడు అనిపిస్తున్నది ఇది, తప్పయితే తిట్టండి. మనం పోలీసు సంస్కరణ అనగానే చెడ్డ పోలీసు, మంచి పోలీసు అని మాట్లాడతాం, సస్పెన్షన్ వార్త చూసి చప్పట్లు కొడతాం, వీఆర్‌లో, అంటే పోస్టింగ్ లేకుండా పక్కన, పెట్టారంటే న్యాయం జరిగిపోయిందనుకుంటాం. నాలుగు నెలల తర్వాత ఆయన ఇంకో చోట తేలతాడు. కాగితం ఎక్కడికి వెళ్తుందో ఎవరూ చూడరు. నా అర్జీ తిరిగి తిరిగి నా కుర్చీ మనిషి దగ్గరికే చేరకుండా, ఆయన ట్రాన్స్‌ఫర్‌తో గానీ ఆయన పై అధికారి ప్రమోషన్‌తో గానీ ఏ సంబంధం లేని మనిషి ఒక్కరి ముందు ఆగాలి. ఆ మనిషి కట్టిన కేసులు కాదు, కట్టని కేసులు లెక్కపెట్టాలి. నాన్నతో ఇదే అంటే, "క్రైమ్ మీటింగ్‌లో ఆ లెక్క అడిగుంటే నేను సొరుగు వాడేవోణ్ణి కాదు" అన్నారు. కాస్త ఆగి, "ఆ సొరుగు తాళం నా దగ్గరే ఉండేది" అన్నారు. ఇది మాత్రం నేను అడగలేదు, ఆయనే చెప్పారు.

మొన్న ఆదివారం పొద్దున్నే నాన్న కళ్ళజోడు పెట్టుకుని, తెల్లకాగితం మడిచి ఎడమవైపు మార్జిన్ తీసి, నా తరపున ఆ జిల్లా ఎస్పీకి అర్జీ రాశారు. 173, సబ్‌సెక్షన్ 4 కింద అని మొదటి వరుసలోనే. పోయిన తేదీ, టైమ్, ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్, స్టేషన్‌కి వెళ్ళిన టైమ్, సోమవారం అర్జీ నంబర్. విశేషణం ఒక్కటి లేదు. కుర్చీ సంగతి, మంచినీళ్ళ సంగతి కూడా రాయమన్నాను, మర్యాద చేశారని తెలియాలి కదా అని. "అవి కాగితం మీదకి రావమ్మా" అన్నారు. చివర్లో మాత్రం నేను చెప్పని వాక్యం ఒకటి చేర్చారు: ఈ అర్జీని ఫిర్యాదులో చెప్పిన స్టేషన్‌కి కాక వేరే అధికారికి విచారణ నిమిత్తం పంపవలసిందిగా ప్రార్థన.

గంటస్తంభం దగ్గర జెరాక్స్ తీయించి, సోమవారం స్పీడ్ పోస్ట్ చేశాను. నిన్న ట్రాకింగ్‌లో అందినట్టు చూపించింది. నాన్నకి ఫోన్‌లో చూపిస్తే, చదివి, ఆ పేజీ ప్రింట్ తీసుకురమ్మన్నారు. రెండు కాపీలు.